ముందు వదిలిన గొర్రె

మా బావ పోయాడన్న కబురు నాకు సూర్యాపేట అంగట్లో అందింది. గొంగళ్ళు పరుచుకుని బేరానికి కూర్చున్నాను. మా ఊరి మనిషి ఒకడు జనాన్ని తోసుకుంటూ వచ్చి, "మీ బావ పోయిండు, ఇంటికి నడువు" అన్నాడు. నాలుగు రోజులుగా జ్వరంతో ఉన్నాడని తెలుసు. జ్వరమే కదా అనుకున్నాను. ఆ మాట చెవిన పడగానే పక్కన గొంగళ్ళు అమ్మేవాళ్ళు, మేకల బేరగాళ్ళు, ఎదురు దుకాణంలో బెల్లం తూచే షావుకారుతో సహా అందరూ లేచి నిలబడ్డారు. ఒకాయన తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. దాచుకోకుండా చెప్తున్నాను, అప్పుడు నాకు ముందుగా వచ్చింది ఏడుపు కాదు. నేను పోతే ఈ అంగట్లో ఎంతమంది లేస్తారు అన్న ఆలోచన వచ్చింది.

తరువాత ఏడ్చాను. ఆత్మకూరు దారి పొడవునా ఏడ్చాను. కానీ ఏది ముందు వచ్చిందో అది చెప్పాలి కదా.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మంచి మాటలే రాయాలంటారు. నేనూ మంచి మాటలే రాస్తాను. ఆయన విషయంలో వేరేవి దొరకవు. దొరుకుతాయేమోనని పదిహేనేళ్ళు వెతికినవాణ్ణి నేను.

బావ అంటే మా పెద్దక్క మొగుడు. మాది ఆత్మకూరు దగ్గర చిన్న ఊరు. ఎండాకాలం రాగానే మా ఏడు కుటుంబాల గొర్రెలన్నీ ఒక్క మందగా కలిపి మేతకు తోలుకుపోతాం. మునగాల మీదుగా కోదాడ, అక్కడినుంచి కృష్ణ ఒడ్డు, వానలకు ముందు మిర్యాలగూడ మీదుగా తిరుగుముఖం. దారిలో రైతులు తమ పొలంలో మంద నిలపమని పిలుస్తారు. ఎరువు వాళ్ళకు, గింజలు మాకు. ఈ నెలలన్నీ ఎక్కడ ఆగాలి, ఏ చేనులోకి తోలాలి, ఏ దారి తప్పించాలి అని చెప్పే మనిషి ఒక్కడే ఉంటాడు. ఆయన్ని మందపెద్ద అంటాం. చాలా ఏళ్ళు మా మందపెద్ద మా బావ. ఆ చాలా ఏళ్ళూ అది నాకు రావలసిన పని అని నేను అనుకుంటూ వచ్చాను.

మందపెద్దను మాటలతో ఎన్నుకోరు. ఇంటికొక కర్ర. ఎవరికి ఎవరు నచ్చితే వారి వాకిట తమ కర్ర ఆనించి వస్తారు. ఎవరూ ఎవరినీ పొగడరు, తిట్టరు. తెల్లారి చూసుకుంటే తెలిసిపోతుంది. పాత మందపెద్ద నడవలేక తప్పుకున్న ఏడాది నేను నా కర్ర ఇంట్లోంచి బయటకే తీయలేదు. ఎవరి వాకిట పెట్టను? నా వాకిటే కదా కర్రలు రావాలి. తెల్లారి తలుపు తీస్తే ఒక కర్ర కనపడింది. గుండె పొంగింది. వంగి చూస్తే అది బావ కర్ర. మిగతా అన్ని కర్రలూ ఆయన వాకిట ఉన్నాయి. నన్ను వెక్కిరించడానికి పెట్టాడనుకున్నాను. ఆ కర్ర తీసుకెళ్ళి ఆయన వాకిట విసిరేసి వచ్చాను. ఆయన దాన్ని ఎత్తుకుని, దుమ్ము తుడుచుకుని, గొర్రెల దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆయనకన్నా నేను జానెడు పొడుగు. సూర్యాపేటలో ఒక పంతులు దగ్గర నాలుగేళ్ళు చదువుకున్నాను కాబట్టి కాగితం చూస్తే బెదరను. దారిన పోయేవాళ్ళను తనిఖీ చేసే నాకా దగ్గర సిపాయిలతో ఉర్దూలో మాట్లాడగలను. గొంతెత్తి పిలిస్తే అవతలి గట్టు మీది గొర్రె కూడా తలెత్తుతుంది. ఆయన పొట్టి మనిషి. గొర్రెపిల్లల్ని మోసీ మోసీ ఎడమ భుజం కిందికి జారింది. తలపాగా ఎప్పుడూ వదులే. పది మాటలు అడిగితే ఒక మాట చెప్పేవాడు. అలాంటి మనిషి దగ్గరికి జనం నా పక్కనుంచే నడుచుకుంటూ వెళ్ళేవారు. నేను పెంచిన కుక్క నా చేతి ముద్ద తిని ఆయన గొంగడి దగ్గర పడుకునేది. ఇంట్లో నేను ఏ పని తలపెట్టినా నా భార్య అడిగే మాట ఒకటే, "అన్నకు చెప్పినవా?" ఆమెకు ఆయన వరసకు అన్న. కళ్ళలో నిప్పులు పోసుకున్నానంటే పోసుకోనా మరి?

మనుషుల్ని నడిపించేవాడికి ఏం ఉండాలో అప్పట్లో నాకు బాగా తెలుసనుకునేవాణ్ణి. గొంతు, ఎత్తు, చదువు, ఎదుటివాణ్ణి నోరెత్తనివ్వకపోవడం. ఆయన దగ్గర వీటిలో ఒక్కటీ లేదు. ఇద్దరు తగువు పడి ఆయన దగ్గరికి వస్తే, కూర్చోబెట్టి న్యాయం చెప్పేవాడు కాదు. గిట్టలు కోయవలసిన గొర్రెనొకదాన్ని తెచ్చి ఒకడికి తల, ఇంకొకడికి కాళ్ళు పట్టుకొమ్మని ఇచ్చేవాడు. తను గిట్టలు చెక్కుతూ, ఇప్పుడు చెప్పండి ఏమైందో అనేవాడు. చెయ్యి వదిలితే గొర్రె తంతుంది, గొంతు పెంచితే బెదురుతుంది. ఇద్దరూ మెల్లగా మాట్లాడక తప్పేది కాదు. నాలుగు గిట్టలూ అయ్యేసరికి తగువు చాలాసార్లు ఆరిపోయేది. ఆరకపోతే ఇంకో గొర్రెను తెమ్మనేవాడు. ఇది చూసి నవ్వేవాణ్ణి. తరువాత ఒకసారి నేనూ చేసి చూశాను. ఇద్దరూ నన్నే తిట్టారు.

ఆ రోజులు ఎట్లాంటివో మీకు తెలుసు. ఇవాళ సర్కారు మనుషులు తుపాకులతో వచ్చి ఈ దారిన ఎవరు పోయారని అడిగితే, రేపు సర్కారు మీద తిరగబడ్డవాళ్ళు తుపాకులతో వచ్చి అదే అడిగేవారు. ఇద్దరికీ బావ చెప్పిన జవాబు ఒకటే. "మేం గొర్రెల కాళ్ళ దిక్కు సూసుకుంట నడుస్తం దొరా, మనుషుల మొకాలు సూడం." ఒక రోజు ఒకరు ఆయన్ని తుపాకీ మడమతో ఆ జారిన భుజం మీదే కొట్టారు. ఆయన జవాబు మారలేదు. ఆయన తప్ప ఆ ఏడు కుటుంబాల్లో ఎవరూ ఒక్క దెబ్బ తినకుండా ఆ ఏళ్ళు గడిచాయి. నేను వెనక నిలబడి, నాకు ఉర్దూ వచ్చు కదా, నన్ను ముందుకు పిలవడేం అని ఉడుక్కున్నాను.

ఇక అసలు సంగతికి వస్తాను. అది చెప్పడానికే ఈ కాగితం ముందేసుకున్నాను.

జొన్న కోసిన చేనులో అకాల వాన పడితే మోళ్ళ నుంచి మళ్ళీ పిలకలు లేస్తాయి. దాన్ని నాము అంటాం. లేతగా, పచ్చగా, చూస్తే మనకే నోరూరేట్టు ఉంటుంది. విషం పట్టిన నాము మేస్తే గొర్రె కాసేపటికే కడుపు ఉబ్బి, నురగ కక్కి పడిపోతుంది. ఏ చేనులో విషం పట్టిందో, ఎక్కడ పట్టలేదో పైకి తెలియదు. బావ ముందు చేనంతా నడిచి, వంగి వంగి మోళ్ళు చూసేవాడు. బాగుందనిపించినా మందను వదిలేవాడు కాదు. తన గొర్రెల్లోంచి సుక్కను ఒక్కదాన్నే వదిలేవాడు. సుక్క అంటే నుదుట తెల్ల మచ్చ ఉన్న గొర్రె. మా అక్క చేతి మీద పెరిగింది, మా అందరి గొర్రెల్లోకీ మంచిది. దాన్ని వదిలి, గట్టు మీద కూర్చుని చుట్ట ముట్టించేవాడు. ఒక చుట్ట కాలేంతసేపు మంద కదలకూడదు. సుక్క నిలబడి ఉంటేనే మిగతావి చేనులోకి.

చూడాలంటే కుంటిదాన్నో ముసలిదాన్నో వదలొచ్చు కదా అని ఒకసారి అడిగాను. ఆయన చెప్పాడు. "కుంటిది పోతే నాకు నొయ్యది. నొయ్యకపోతే నేను మంచిగ సూడను."

నాకు ఆయన పెద్దరికం మీదకన్నా ఆ చుట్ట మీద ఎక్కువ కడుపుమంట. ఎండలో మేమంతా ఆకలిగొన్న మందను ఆపలేక ఆపుతుంటే ఈయన కాలు మీద కాలు వేసుకుని పొగ వదులుతున్నాడే అని. ఆ నిబ్బరం చూస్తే ఒళ్ళు మండేది. ఆయన చెవి మీద ఎప్పుడూ సగం కాలిన చుట్టే ఉండేది. సగం చుట్ట బావ అని అందరిముందూ ఎగతాళి చేసేవాణ్ణి. నవ్వి ఊరుకునేవాడు.

రెండేళ్ళ కిందటి ఎండాకాలం. మునగాల దాటి మంద ఆగింది. అంతకు నాలుగు రోజుల ముందు వాన పడింది. సరిహద్దు నాకా దగ్గర మంద దాటడానికి చిట్టీ రాయించుకోవాలని బావ పొద్దున్నే కోదాడ వెళ్ళాడు. వెళ్తూ నాకు ఒక్కడికే చెప్పాడు. "నేనొచ్చేదాక బీట్లనే ఉండనియ్యి. చేన్లకు తోలకు." మంద నాకు అప్పగించి వెళ్ళడం అదే మొదటిసారి.

బీడులో గడ్డి లేదు. పక్కనే జొన్న చేను పచ్చగా ఉంది. చేను రైతు వచ్చి, తోలుకొమ్మని తనే పిలిచాడు. నేను గొర్రెల్ని లేపమన్నాను. ఎవరూ కదల్లేదు. "ఆయన రానియ్యి" అన్నాడు ఒకడు. మాతో నడిచే ముసలవ్వ ఒకామె ఉంది, మొగుడు పోయి ఉన్న కొద్ది గొర్రెలతోనే బతికేది. ఆమె కూడా అదే మాట అంది. ఆయన రానియ్యి. ఆ మాటకు నా తల తిరిగిపోయింది. నా మాట మీద ఒక్క గొర్రె కూడా లేవదా? ఇప్పటికీ నాకు నా గొంతు వినిపిస్తుంది. "బావనే తోలమన్నడు. పోతపోత నాతోటి చెప్పిండు" అన్నాను.

అంతే, అందరూ లేచారు. మందంతా చేనులోకి దిగింది, సుక్కతో సహా. దాన్ని ముందు వదలాలన్న ఆలోచన నాకు రాలేదనను. వచ్చింది. అది ఆయన ఆట, నాకెందుకు అనుకున్నాను.

ఎండ నడినెత్తికి రాకముందే గొర్రెలు పడటం మొదలైంది. ఒకటి పడి లేవబోయి మళ్ళీ పడింది. దాని పక్కన ఇంకొకటి. మేము అరుస్తూ, కర్రలతో తరుముతూ మందను బయటకు లాగాం. దగ్గర ఊళ్ళోకి పరుగెత్తి బెల్లం తెచ్చి, నీళ్ళలో కలిపి నోట్లో పోశాం. కొన్ని బతికాయి, చాలా పోయాయి. ముసలవ్వ గొర్రెల్లో మిగిలినవి రెండే. సుక్క చేను మధ్యలో కాళ్ళు బిగదీసుకుని పడి ఉంది.

బావ వచ్చేసరికి అందరూ ఆయన్ని చుట్టుముట్టారు. ముసలవ్వ ఆయన గొంగడి పట్టుకుని అడిగింది, "నువ్వే తోలమన్నవట గద బిడ్డా?" ఆయన నా వైపు చూశాడు. నేను నోరు తెరవలేదు.

"అవునవ్వా, నేనే అన్న. వానపడ్డ సంగతి యాదిమర్సిన" అన్నాడు.

ఆయన్ని తిట్టినవాళ్ళు తిట్టారు. శాపనార్థాలు పెట్టినవాళ్ళు పెట్టారు. అన్నీ విని, అక్కడే వంగి ముసలవ్వ గొర్రెల్ని పూడ్చడానికి గుంట తవ్వాడు. మరుసటి ఏడాది ఎండాకాలం మళ్ళీ కర్రలన్నీ ఆయన వాకిటే ఉన్నాయి. తప్పు చేసి ఒప్పుకున్న మనిషి అని ఊరంతా చెప్పుకుంది. నా కుళ్ళు ఎంతటిదో చూడండి. నాకు సిగ్గు రావలసింది పోయి, నేను చేసిన తప్పు మీద కూడా ఈయనే పెద్దవాడయ్యాడే అని మండింది. నా తప్పు కూడా నాకు మిగల్లేదు.

ఆ ఎండాకాలం చివర్లో, మిర్యాలగూడ వైపు తిరిగే ముందు, కృష్ణలో గొర్రెలకు నీళ్ళు పెడుతుంటే ఇద్దరమే ఉన్నాం. ఎందుకట్లా చెప్పావని అడిగాను. అడగడం కూడా కోపంగానే అడిగాను.

"నువ్వని తెలిస్తే ఇగ నీ మాట ఎవ్వరు ఇనరు. నా మాట ఇంకొన్నొద్దులు ఇంటరు" అన్నాడు. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఒక పిల్లను పట్టుకుని ఉన్నాడు. దాన్ని ఒడ్డు మీదికి వదిలి మళ్ళీ అన్నాడు. "నీకు దమ్మున్ననాడు నువ్వే చెప్పుకో. నేనైతే చెప్ప."

చెప్పలేదు. పోయిన వానాకాలం చివర సర్కారు మారింది, నాకాలు ఎత్తేశారు, తుపాకులవాళ్ళు మారారు. ఆయన చెప్పలేదు. మాఘంలో జ్వరం వచ్చి పోయాడు. నాకు దమ్ము రాలేదు.

పదకొండో దినం అక్క వాకిట అందరూ చేరారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మాటలు ఎండాకాలం మీదికి మళ్ళాయి. ఆ పొద్దున్నే నా వాకిట ఆరు కర్రలూ ఉన్నాయి. అన్నీ ఉన్నాయి. అక్క పంపిన బావ కర్ర కూడా ఉంది. పదిహేనేళ్ళు నేను ఎదురుచూసిన పొద్దు అది. ఒక పెద్దాయన అందరూ వినేలా అన్నాడు, "మీ బావ ఎంత మంచోడైనా గా ఒక్కనాడు తప్పిండు. నువ్వు గా తప్పు గూడ చెయ్యలె. ఈ యేడు నువ్వే నడుపు."

ఊరుకుంటే సరిపోయేది. తల ఊపితే చాలు. కానీ ఆ మాట వినేసరికి నాకు వింతగా ఉంది. నాకు బావ మీద ఉన్న కుళ్ళే నన్ను లేపి నిలబెట్టింది. ఆయన నెత్తిన ఉన్న ఒక్క మచ్చ నాది. అది లేకపోతే ఆయన ఇంకా పెద్దవాడవుతాడని తెలుసు. అది ఉన్నంతకాలం నేను ఆయన పెట్టిన భిక్ష తింటున్నవాణ్ణే అనీ తెలుసు. రెండోదే నాకు ఎక్కువ మండింది.

"గది బావ తప్పు గాదు. తోలొద్దని చెప్పి పోయిండు. నేనే అబద్ధమాడిన" అన్నాను.

అక్క చేతిలో అన్నం గంప ఉంది. దాన్ని మెల్లగా కింద పెట్టింది.

"సుక్క సచ్చిందని రెండేండ్లు ఆయన్ను తిట్టిన గదరా తమ్మీ" అంది. "జరమొచ్చి పడుకున్ననాడు గూడ అన్న, నా సుక్కను సంపినవని. ఒక్క మాట చెప్పలేదురా నాకు."

లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. నేను వాకిట్లో నిలబడే ఉన్నాను. ఒక్కొక్కరు లేచి నా ఇంటివైపు వెళ్ళి వాళ్ళ కర్రలు వాళ్ళు తీసుకుపోయారు. బావ కర్రను ఒకరు తెచ్చి అక్క తలుపుకు ఆనించి వెళ్ళారు. నన్ను ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మరునాడు తెల్లారి తలుపు తీయడానికి భయమేసింది. తీశాను. నాలుగు కర్రలున్నాయి. రెండు మామూలువి. ఒకటి ముసలవ్వ ఊతకర్ర, పొట్టిది. కర్ర లేక ఆమె నా అరుగు మీదే కూర్చుని ఉంది. "ఈసారన్న సూసుకుంట తోల్తవు" అంది, అంతకన్నా ఏమీ అనలేదు. నాలుగోది బావ కర్ర. అక్క ఎప్పుడు తెచ్చి పెట్టిందో తెలియదు. ఆమె నాతో ఇప్పటికీ సరిగ్గా మాట్లాడటం లేదు. మిగిలిన రెండు కుటుంబాలూ ఈ ఏడు వేరే మందలో కలిసి వెళ్ళాయి. వాళ్ళని నేను తప్పుపట్టను.

ఇది మునగాల దగ్గర కూర్చుని రాస్తున్నాను. మొన్న ఇక్కడ వాన పడింది. ఇవాళ పొద్దున ఒక జొన్న చేను ముందు మంద ఆగింది. బీడులో గడ్డి లేదు. చేనంతా నడిచి, వంగి మోళ్ళు చూశాను. బాగానే ఉన్నట్టుంది. నా గొర్రెల్లో ఈ మధ్యే రెండు పిల్లలు వేసిన తల్లి ఒకటి ఉంది, నాకు అన్నిటికన్నా అదే ఇష్టం. పిల్లల్ని ముసలవ్వ ఒడిలో పెట్టి, దాన్ని ఒక్కదాన్నే చేనులోకి వదిలాను. గట్టు మీద కూర్చుని కాలు మీద కాలు వేసుకున్నాను. చుట్ట ముట్టించాను.

వెనక పిల్లలు రెండూ అరుస్తున్నాయి. అది తల వంచి ఒక మోడు మేసి, ఇంకో మోడు దగ్గరికి జరిగింది. దాని కడుపు చూశాను, కాళ్ళు చూశాను, మళ్ళీ కడుపు చూశాను. అడుగు తడబడిందా, లేక మోడు తగిలిందా? లేచి నిలబడబోయి, వెనక అందరూ నన్నే చూస్తున్నారని మళ్ళీ కూర్చున్నాను. వాళ్ళకు నేను తాపీగా పొగ తాగుతున్నట్టే కనపడి ఉండాలి. ఎంతసేపయిందో చూసుకుందామని చుట్ట వైపు చూశాను. ఎప్పుడు ఆరిపోయిందో, సగం దగ్గర ఆరిపోయి ఉంది.

దాన్ని చెవి మీద పెట్టుకున్నాను. గొర్రె ఇంకా తల ఎత్తలేదు.